చింతచెట్టు పెంచడం ఎలా: గింజ నాటడం నుంచి చింతపండు దాచుకోవడం దాకా

చింతచెట్టు పెంచాలి, ఎలా అని అడిగితే చాలామంది "దానికేముంది, గింజ పడేస్తే అదే వస్తుంది" అంటారు. నిజమే, వస్తుంది. కాకపోతే ఎనిమిదో పదో ఏళ్లు ఆగాక మొదటి కాపు వచ్చి, కాయ సన్నగా, గుజ్జు తక్కువగా, లోపలంతా పీచే ఉందని తెలిస్తే అప్పుడు ఆ చెట్టును ఏం చేస్తారు? మామిడి, నిమ్మ లాంటి వాటి వెనక ఏడాది పొడవునా తిరగాలి. చింతకు ఆ బాధ లేదు, పనంతా మొదటి ఐదేళ్లలోనే ఉంటుంది, అందులోనూ దిద్దుకోలేని పొరపాట్లన్నీ మొక్క నాటకముందే జరుగుతాయి. అందుకే ఇక్కడ నాటే ముందు సంగతులే ఎక్కువ రాస్తున్నాను, కాపుకొచ్చిన చెట్టుకు చేయాల్సింది తక్కువే కాబట్టి అక్కడ తొందరగా ముగిస్తాను.

1. చెట్టు ఎందుకో ముందు తేల్చుకోండి

చిగురు కోసమా, పచ్చి కాయ కోసమా, పండు కోసమా? ఈ మూడింటికీ పెంచే పద్ధతి ఒకటి కాదు.

చిగురు చాలు అనుకుంటే పెద్ద చెట్టే అక్కర్లేదు. గింజ మొక్కలు అడుగున్నర, రెండడుగుల దూరంలో వరసగా వేసి, నడుము ఎత్తు దాటకుండా కత్తిరిస్తూ ఉంటే అదే కంచె అవుతుంది, కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురు వేస్తుంది. పప్పులోకి, ఎండు రొయ్యల్లోకి కావాల్సినంత చిగురు నిచ్చెన ఎక్కకుండానే దొరుకుతుంది. దీనికి రకాలు, అంట్లు (మంచి చెట్టు కొమ్మను గింజ మొక్కకు అతికించి చేసిన మొక్కలు) అంటూ తిరగడం డబ్బు దండగ.

పండు కోసమైతే మాత్రం, ముఖ్యంగా అమ్ముకునే ఉద్దేశం ఉంటే, అంటు మొక్కలే వేయండి. గింజ మొక్క కాపుకు రావడానికి మామూలుగా 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది, అంటు మొక్క మూడు నాలుగేళ్లకే నాలుగు కాయలు చూపిస్తుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. చింతలో పరపరాగ సంపర్కం ఎక్కువ, తేనెటీగలు ఈ చెట్టు పుప్పొడి తీసుకెళ్లి ఆ చెట్టుకు అంటిస్తాయి. కాబట్టి ఊళ్లో ఎంత మంచి చెట్టు గింజ తెచ్చి వేసినా పిల్ల మొక్క తల్లిలాగే కాస్తుందన్న నమ్మకం లేదు.

థాయ్ తీపి చింత గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. థాయ్‌లాండ్‌లోని ఫెచ్చబూన్ ప్రాంతంలో దాన్ని బాగా పండిస్తారు, పెంకు ఒలుచుకుని మిఠాయిలా తినడానికి బాగుంటుంది. పులుసులోకి, చారులోకి పనికిరాదు. పిల్లలు తింటారని ఒక మొక్క వేసుకుంటే వేసుకోండి గానీ, ఇంటికి ఒకే చెట్టుకు చోటుంటే మాత్రం పుల్లదే వేయండి. సీమచింత వేరే చెట్టు, దాని సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

2. చోటు

దయ్యాలుంటాయని చింతచెట్టును ఇంటి దగ్గర వద్దంటారు పెద్దవాళ్లు. దయ్యాల సంగతి నాకు తెలియదు గానీ, ఇంటికి దూరంగా వేయమనడం మాత్రం సరైన సలహానే. ముదిరిన చెట్టు 60, 70 అడుగుల ఎత్తుకు పోతుంది, గొడుగు కూడా బాగా విస్తరిస్తుంది, వేళ్లు పునాదులనూ నీటి తొట్టినీ లెక్క చేయవు. ఇంటి గోడకు, బావికి, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 30 అడుగుల దూరం వదలండి. పైన కరెంటు తీగలు ఉన్నాయేమో ఒకసారి తలెత్తి చూసుకోండి, లేకపోతే ఏటా లైన్‌మన్ వచ్చి కాపు కొమ్మలు నరికిపోతాడు.

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పటికే అది అంతమందిని మోసేంత పెద్ద చెట్టు. మీరు నాటేది కూడా అలా మనవల కాలం దాకా నిలబడే చెట్టే కాబట్టి, చోటు చూసేటప్పుడు ఈ ఏడాది ఖాళీగా ఉందా అని కాదు, యాభై ఏళ్ల తర్వాత అక్కడ ఏం ఉంటుందో ఆలోచించండి.

నేల విషయంలో చింత అంత పట్టింపు మనిషి కాదు. ఎర్ర నేల, గరప నేల, రాళ్ల నేల, సున్నం ఎక్కువున్న నేల, కాస్త చౌడు ఉన్నా సరే బతుకుతుంది. ఒక్కటే పడదు, నీళ్లు నిలబడటం. వానాకాలంలో రెండు మూడు రోజులు నీళ్లు ఇంకకుండా ఉండే పల్లంలో వేస్తే చిన్న మొక్క కుళ్లిపోతుంది. నల్లరేగడిలో వేయాల్సి వస్తే మట్టి ఎగదోసి దిబ్బ మీద నాటండి.

వాతావరణం గురించి ఒక మాట. ఏడాదంతా వాన పడే చోట చెట్టు పచ్చగా ఏపుగా పెరుగుతుంది గానీ కాయ సరిగా పట్టదు. చింతకు ఎండు కాలం ఉండాలి. రాయలసీమలో, దక్షిణ తెలంగాణ మెట్టల్లో అది అంత బాగా రావడానికి కారణం అదే.

3. ఏ రకం

తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 అన్నిచోట్లా దొరుకుతుంది, త్వరగా కాపుకొస్తుంది, గుజ్జు శాతం బాగుంటుంది, మొదటిసారి వేసేవాళ్లకు ఇదే సుఖం. మన దగ్గర అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చినవి రెండున్నాయి: తెట్టు అమలిక, అనంత రుధిర. అనంత రుధిర గుజ్జు ఎర్రగా ఉంటుంది, కాయ విరిస్తే లోపల నిజంగా ఎరుపే. పచ్చళ్లకు, జామ్‌కు ముచ్చటగా ఉంటుంది గానీ మామూలు చింతపండు మార్కెట్‌కు అలవాటైన రంగు అది కాదు, కాబట్టి కొనేవాళ్లెవరో చూసుకున్నాకే ఎకరాల్లో వేయండి. మహారాష్ట్ర వైపు ప్రతిష్ఠాన్, యోగేశ్వరి, అజంతా అని ఉన్నాయి.

రకం పేరు కంటే ముందు చూడాల్సింది మొక్కను. నర్సరీలో అంటు కట్టిన చోటు కాండం మీద కనపడాలి. "అంటు మొక్కేనండీ" అని చెప్పి గింజ మొక్క అంటగట్టే వాళ్లు లేకపోలేదు. అతుకు కింద ఒక మందం, పైన ఇంకో మందం, మధ్యలో చిన్న బుడిపె ఉంటుంది, అది లేకపోతే తీసుకోవద్దు. కవరు అడుగున వేరు బయటికొచ్చి మెలితిరిగి ఉన్న మొక్క కూడా వద్దు. చింతకు తల్లివేరు పొడవు, సంచిలో చుట్టలు చుట్టుకుపోయిన వేరు నేలలో వేశాక కూడా సాఫీగా దిగదు.

4. గింజ నుంచి మొక్క, మొక్క మీద అంటు

గింజ కొత్త పండులోంచి తీసుకోండి. గుజ్జు పూర్తిగా కడిగేసి నీడలో ఆరబెట్టండి. చింతగింజ పైపొర గట్టిది, అలాగే వేస్తే మొలవడానికి నెల కూడా పడుతుంది. వేడి నీళ్లు, అంటే మరిగేవి కాదు, పొయ్యి మీంచి దించి కాస్త ఆగాక ఉన్న వేడి, అందులో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఉబ్బినవి వేరు చేసి నాటండి, ఉబ్బనివాటికి ఒక పక్క గరుకు కాయితంతో కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి. అర అంగుళం లోతు చాలు. వారం నుంచి రెండు వారాల్లో మొలక వస్తుంది.

కవర్లలో పెంచితే పొడుగాటి కవర్లు వాడండి, ఏడాదికి మించి అందులో ఉంచకండి. నన్నడిగితే ఇంకో దారి మెరుగు. పొలంలో నాటాల్సిన గుంటలోనే మూడు గింజలు వేసి, బలమైన మొక్కను ఉంచి మిగతావి తీసేసి, పెన్సిల్ మందం అయ్యాక అక్కడే అంటు కట్టించడం. తల్లివేరుకు అడ్డేమీ ఉండదు, నేరుగా కిందికి దిగుతుంది, ఆ తర్వాత ఎండాకాలాలను తట్టుకోవడంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కాకపోతే అంటు కట్టే మనిషిని పొలానికి రప్పించాలి, అదొక్కటే ఇబ్బంది.

అంటు మీరే కడతానంటే పద్ధతి ఇది. కాపు బాగా కాసే, మీకు తెలిసిన చెట్టు నుంచి మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మను ఎంచుకోండి. వారం పది రోజుల ముందే దాని ఆకులు తుంచేసి కాడలు మాత్రం వదిలేస్తే కణుపుల్లో మొగ్గలు ఉబ్బుతాయి, అప్పుడు కోయాలి. అడుగు మొక్కను, అంటే కింద వేరుతో ఉండే గింజ మొక్కను, నేలకు అర అడుగు పైన అడ్డంగా కోసి, మధ్యలో నిలువుగా అంగుళంన్నర చీల్చి, తెచ్చిన కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి అందులో దించండి. బెరడు కింది పచ్చపొరలు కనీసం ఒక పక్కన కలవాలి, అది కలవకపోతే ఎంత గట్టిగా కట్టినా లాభం లేదు. పాలిథిన్ పట్టీ బిగించి, పైన చిన్న ప్లాస్టిక్ కవరు టోపీలా తొడిగి నీడలో పెడితే మూడు వారాల్లో చిగురు కనపడుతుంది. కొమ్మ నల్లబడితే పోయినట్టే. పది కడితే పదీ రావు, ఎక్కువ కట్టుకోండి.

5. నాటడం

తొలకరి పడ్డాక, జూన్ జూలైల్లో. రాయలసీమలో వాన ఆలస్యమైతే ఆగస్టు దాకా ఆగినా పర్లేదు.

పొలంలో వేస్తే 33 అడుగుల దూరం, ఎకరానికి 40 మొక్కలు. 26 అడుగుల దూరంలో వేస్తే 60 పైచిలుకు పడతాయి, కొన్నాళ్లకు కొమ్మలు కలుస్తాయి కాబట్టి కత్తిరించే ఓపిక ఉన్నవాళ్లే అలా వేయాలి. గుంట మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఎండాకాలంలోనే తవ్వి వదిలేస్తే మట్టి ఎండి పురుగు చస్తుంది. పై మట్టిలో రెండు మూడు తట్టల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, అరకిలో సూపర్ ఫాస్ఫేట్ కలిపి నింపండి. పచ్చి పేడ వేయొద్దు, దానికి చెదలు చేరతాయి.

అంటు అతుకు నేలకు అర అడుగు పైన ఉండాలి. నాటి, మట్టి తొక్కి, గాలికి ఊగకుండా కర్ర కట్టి, వెంటనే నీళ్లు పోయండి. మేకలు తిరిగే ఊరైతే ఆ రోజే ముళ్లకంప పెట్టండి, రేపు చూద్దాంలే అనుకుంటే రేపటికి మోడే మిగులుతుంది.

6. మొదటి ఐదేళ్లు

నీళ్లు: మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి రెండు బకెట్లు, పాదులో ఎండుగడ్డో వేరుశనగ పొట్టో కప్పి. మూడో ఏడు నుంచి తగ్గించుకుంటూ పోవచ్చు, ఐదేళ్లు దాటాక వాన నీళ్లతోనే నెట్టుకొస్తుంది. రోజూ కాస్త కాస్త పోసే అలవాటు మానుకోండి, పైపైన తడిపితే వేరు పైనే తిరుగుతుంది.

ఎరువు: ఏటా వానల ముందు పశువుల ఎరువు, మొక్క వయసును బట్టి ఏడాదికో తట్ట పెంచుతూ ఐదు తట్టల దాకా, ఆపైన అంతే. చింత కూడా చిక్కుడు కుటుంబమే కదా, నత్రజని తనే తయారు చేసుకుంటుందిలే అనుకోవద్దు. కంది, వేరుశనగ వేళ్లకు ఉండే బుడిపెలు చింత వేళ్లకు ఉండవు.

కత్తిరింపు: ఇదే అందరూ వదిలేసే పని. అంటు మొక్కకు అతుకు కింది నుంచి వచ్చే చిగుళ్లను కనపడగానే గిల్లేయండి. అవి అడుగు మొక్కవి, బలంగా పెరుగుతాయి, రెండేళ్లు పట్టించుకోకపోతే మీరు కొన్న రకం చచ్చి నాటు చెట్టు మిగులుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. కాండాన్ని మూడు నాలుగడుగుల దాకా ఒంటి కొమ్మగా పోనిచ్చి, అక్కడ తల తుంచి, నాలుగు దిక్కులకు నాలుగైదు కొమ్మలు ఉంచండి. అన్నీ ఒకే చోట నుంచి కాకుండా కాస్త ఎగుడుదిగుడుగా ఉండేలా చూడండి, లేకపోతే కాపు బరువుకు చీలతాయి. తర్వాత ఎండు కొమ్మలు, లోపలికి పోయేవి తీసేయడం తప్ప పెద్దగా కోతలు అక్కర్లేదు.

ఈ ఐదేళ్లు మధ్యలో ఖాళీగా ఉంచడం ఎందుకు, ఉలవ, అలసంద, కంది వేసుకోండి. నీడ కమ్ముకున్నాక కింద ఏదీ సరిగా పండదు, అప్పుడు ఎలాగూ మానేస్తారు.

చిగురు కోయాలని చేయి దురదపెడుతుంది. మూడేళ్ల లోపు మొక్కకు వద్దు. పెద్ద చెట్టుకైనా అందే కొమ్మలన్నీ మోడు చేయకండి. ఇంకో సంగతి, చింత ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టే అయినా బాగా ఎండగా ఉన్న చోట కొత్త చిగురుకు ముందు ఆకు రాలుస్తుంది. టెన్షన్ పడి నీళ్లు గుమ్మరించకండి, దాని పద్ధతే అంత.

కుండీలో పెంచేవాళ్లకు: చిగురుకు, ముచ్చటకు బాగుంటుంది, పండు మీద ఆశ పెట్టుకోవద్దు. అడుగున్నర లోతు కుండీ, ఇసుక కలిపిన మట్టి, బాగా ఎండ. అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్‌లో గింజలతో వచ్చే చింతపండు కొని ఆ గింజలతోనే మొలిపిస్తుంటారు, పండును ఉడికించకుండా ఉంటే అవి చక్కగా మొలుస్తాయి. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగే కాలం వస్తే కుండీని లోపల కిటికీ దగ్గరికి మార్చండి, చిన్న మొక్క మంచును తట్టుకోదు. లోపల కాస్త ఆకు రాలుస్తుంది, నీళ్లు తగ్గించి వసంతం దాకా ఓపిక పట్టండి. దక్షిణ ఫ్లోరిడాలో అయితే నేలలోనే వేయొచ్చు.

7. పురుగులు, తెగుళ్లు

ఎక్కువేం లేవు. నర్సరీ మొక్కల ఆకుల మీద తెల్లటి పొడిలా బూడిద తెగులు వస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి పిచికారీ చేయండి. పిండినల్లి, పొలుసు పురుగు చిగుళ్లకు పడితే ఆ కొమ్మ కోసి కాల్చేసి, మిగతాదాని మీద వేపనూనె. వాటి వెంట చీమలు కూడా పాకుతుంటాయి, చీమల దారి కనపడితే పైన పిండినల్లి ఉన్నట్టే. పూత మీద, అంటే మామూలుగా మే నుంచి జూలై మధ్య, ఏ పురుగు మందూ కొట్టకండి, తేనెటీగలు పోతే కాయ పట్టదు.

అసలు నష్టం కాయ తొలిచే పురుగుతో, చెట్టు మీద మొదలై నిల్వలో పెరిగే పుచ్చు పురుగుతో. కాయ పెంకు మీద సన్న రంధ్రం కనపడిందంటే లోపల గింజ పోయినట్టే. ఈ పుచ్చు పురుగు వేరుశనగ కాయను కూడా తొలుస్తుంది, అందుకని చింతకాయ బస్తాలను వేరుశనగ ఉన్న కొట్టంలో పెట్టకండి. చెట్టు కింద రాలిన పాత కాయలను ఏరి కాల్చేస్తే సగం బెడద తగ్గుతుంది.

కోతులకు మాత్రం నా దగ్గర మందు లేదు.

8. కాయ, దోర, పండు

పూత తర్వాత పండు కావడానికి ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది, ఈలోపు చెట్టు మీద ప్రతి దశా వంటకు పనికొచ్చేదే. గింజ కట్టని లేత వామన చింతకాయలు పప్పులోకి, పులుసులోకి. కార్తీకం, మార్గశిరాల్లో కాయ నిండి గింజ ఇంకా ముదరక ముందు చింతకాయ పచ్చడికి కోయాలి. కిలో కాయకు 200 గ్రాముల దాకా కల్లుప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తి, మూడో రోజు తీసి మళ్లీ దంచి పీచూ గింజలూ ఏరేస్తే ఏడాది నిల్వ ఉంటుంది. కాయ తడి లేకుండా తుడవడమే అందులో కిటుకు.

పండు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. రంగు చూసి నమ్మొద్దు. కాయను వేలితో తడితే బోలు శబ్దం రావాలి, నొక్కితే పెంకు పటుక్కున విరగాలి, లోపల గుజ్జు పెంకును వదిలి ఉండాలి. పెంకుకు గుజ్జు అంటుకుని ఉంటే ఇంకా వారం పది రోజులు ఆగండి. కర్రలతో బాదితే కాయతో పాటు లేత కొమ్మలూ విరుగుతాయి, కింద పట్టాలు పరిచి కొమ్మలు కుదపండి, మిగిలినవి దోటితో లాగండి. పెద్ద చెట్టు ఎక్కడానికి అలవాటున్న మనుషులే ఎక్కాలి, మంచు పడ్డ పొద్దున అసలు వద్దు, బెరడు జారుతుంది.

బాగా కాసే పెద్ద చెట్టు 150 నుంచి 200 కిలోల కాయ ఇస్తుంది. అందులో గుజ్జు దాదాపు 55 శాతం, గింజ 34, మిగతాది పెంకు, పీచు. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు చేతులెత్తేయడం చింతకు మామూలే, దాన్ని చూసి మందులు కొట్టించకండి. చెట్టు మీదే కాపు గుత్తకు ఇస్తే శ్రమ లేదు గానీ కాపు ఎక్కువున్న ఏడాది ఆ లాభం గుత్తదారుకే పోతుంది. మీరే కొట్టించి అమ్మితే హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండుకు కరిపులి, ఫ్లవర్ అనే రకాలను బట్టి వేర్వేరుగా ధర పలుకుతుంది, కరిపులికే ఎక్కువ. మన్యంలో అయితే గిరిజన సహకార సంస్థ కొంటుంది.

9. దాచుకోవడం

పెంకు తీసేముందు కాయలను రెండు మూడు రోజులు ఎండలో పోయండి. పెంకు, ఈనెలు, గింజ తీశాక గుజ్జును మళ్లీ ఎండబెట్టాలి, చేతికి జిగటగా ఉండాలి గానీ తడి తగలకూడదు. తడి ఉంటే బూజు, మరీ ఎండితే గట్టిపడి నానదు. కిలోకు పిడికెడు కల్లుప్పు పొరలు పొరలుగా చల్లి జాడీలోనో మట్టి కుండలోనో గాలి చొరకుండా నొక్కి పెట్టండి. అల్యూమినియం, ఇనుప డబ్బాల్లో వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. రోజులు గడిచేకొద్దీ పండు నల్లబడుతుంది, చెడిపోయినట్టు కాదు, చారుకు, పులుసుకు పాతదే బాగుంటుందనేవాళ్లు చాలామంది. రంగు ఎర్రగా నిలవాలంటే ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వ్యాపారులు కోల్డ్ స్టోరేజీలో దాచేది అందుకే. గింజలు పారేయకండి, వచ్చే తొలకరికి నారు పోయడానికి ఓ రెండు గుప్పెళ్లు ఉంచుకుని, మిగతావి కొనేవాళ్లుంటే అమ్మేయండి, వాటి పప్పును పొడి చేసి బట్టల మిల్లుల్లో గంజిలా వాడతారు.